ఎడమ మోకాలి అప్పగింత

మాది వర్షపాత నమోదు శాఖ. వాన పడితే కొలుస్తాం, పడకపోతే పడలేదని రాస్తాం. రెంటికీ జీతం ఒకటే. ఈ పేరు చెప్పగానే జనం "అయితే రేపు వాన పడుతుందా అండీ?" అని అడుగుతారు. రేపటి సంగతి మాకేం తెలుసండీ? మాది నిన్నటి వాన. అది కూడా ఫైలు పైకి వెళ్లి, సంతకాలు చేయించుకుని కిందికి దిగాకే పడినట్టు లెక్క.

ఇలాంటి శాఖలోకి పరుగు ఎలా వచ్చిందంటే, మా డైరెక్టరు గారి ఒంట్లో కొవ్వు పెరిగిందని డాక్టరు చెప్పడం వల్ల వచ్చింది. ఆయన కొన్నాళ్లు పొద్దున్నే పరిగెత్తారు. కొవ్వు తగ్గింది. అంతటితో ఊరుకునేవారైతే ఆయన డైరెక్టరు ఎందుకవుతారు? తనకు తగ్గిన కొవ్వు శాఖ మొత్తానికీ తగ్గాలనుకున్నారు. "పరుగెత్తే ఉద్యోగియే పరుగెత్తే పాలనకు పునాది" అంటూ ఓ సర్క్యులర్ వచ్చింది. ప్రతి ఉద్యోగీ పరిగెత్తాలి. ఎంత పరిగెత్తాడో ఫోనులోని యాప్ కొలవాలి. నెలాఖరుకి ప్రగతి నివేదిక పంపాలి. ఈ నెల ఎంత పరిగెత్తితే వచ్చే నెల దానికి పదిశాతం కలిపి లక్ష్యం. అన్నీ అయ్యాక, అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. ఈ ఏడాది బదిలీల కౌన్సెలింగులో సీనియారిటీ చూడరు, పరుగు పాయింట్లే చూస్తారు.

ఆ చిన్న అక్షరాలు చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

నా పేరు ఈమని గంగాధరం. సీనియర్ అసిస్టెంటుని. మాది తెనాలి. ఉద్యోగం మాత్రం ఆరేళ్లుగా ఒడిశా సరిహద్దుకి కూతవేటు దూరంలో ఉన్న ఓ జిల్లా కేంద్రంలో. ఊరి పేరు చెప్పను, ఇంకా ఆ శాఖలోనే ఉన్నాను. నా భార్య సుభాషిణి తెనాలి హైస్కూల్లో లెక్కల టీచరు. మా అమ్మాయి లహరి నాలుగో తరగతి. కిందటి పుట్టినరోజుకి దానికి సైకిలు కొన్నాను. కొన్నానే గానీ నేర్పలేదు. "నాన్న వచ్చి వెనకాల సీటు పట్టుకుని పరిగెత్తితేనే ఎక్కుతాను" అని అది మొండికేసింది. తప్పు నాదే, అలా అని ఫోనులో మాటిచ్చాను. ఆ సైకిలు వరండాలోనే ఉండిపోయింది. దాని హ్యాండిలు మీద మా ఆవిడ తడి తువ్వాళ్లు ఆరేస్తోంది.

"నాన్నా, ఎప్పుడొస్తావు?" ప్రతి ఆదివారం ఇదే ప్రశ్న.

"బదిలీ అవగానే వచ్చేస్తానమ్మా."

"బదిలీ ఎప్పుడవుతుంది?"

ఇంతకుముందు దానికి జవాబుండేది కాదు. ఇప్పుడుంది. నాన్న ఎంత గట్టిగా పరిగెత్తితే అంత త్వరగా. అందుకని పరిగెత్తడం మొదలుపెట్టాను.

మా ఆఫీసులో అందరికంటే ముందు పరుగు అందుకున్నది మా జిల్లా అధికారి ప్రభంజన్ కుమార్ గారు. ఆయన వెనక సూపరింటెండెంటు పైడిరాజు గారు. పైడిరాజు గారిది భారీ శరీరం. ఆయన పరిగెత్తుతుంటే ఆయన ముందుకెళ్తున్నారో, అక్కడే ఎగురుతున్నారో చెప్పడం కష్టం. ఆఫీసు వేళల్లో పరుగు డ్యూటీ కిందే లెక్క కాబట్టి పదిన్నరకి సంతకాలు పెట్టేసి అందరం మార్కెట్ యార్డు చుట్టూ పరిగెత్తేవాళ్లం.

అప్పుడే పంటల బీమా రోజులు. వాన పడలేదని మేం సర్టిఫికెట్ ఇస్తే గానీ రైతుకి బీమా రాదు. రైతులు ఆఫీసుకొస్తే కుర్చీలే కనిపించాయి. ఇక చేసేదేముంది? వాళ్లూ మా వెంట పడ్డారు. పంచె పైకి ఎగ్గట్టిన ఓ పెద్దాయన రెండు అంగల్లో పైడిరాజు గారిని అందుకుని, పక్కనే పరిగెత్తుతూ కాగితం చాపాడు.

"బాబూ, తవఁరు ఎక్కడికి పరిగెడితే అక్కడికి నానూ వొస్తాను గానీ, ఓ సంతకం పెట్టీసి పరిగెట్టండి బాబూ."

పైడిరాజు గారు ఆగారు. ఆయాసం తీర్చుకుని ఆ పెద్దాయన కాళ్ల వంక చాలాసేపు చూశారు. తరవాత తన ఫోను తీసి ఆయన జేబులో పెట్టారు.

"నువ్వు మూడు రౌండ్లు బేగి కొట్టీసి రా. ఈలోగా నాను సంతకం పెట్టీసి ఉంచుతాను."

ఇద్దరి పనీ అయిపోయింది. ఆ మర్నాటి నుంచి సర్టిఫికెట్ కావాలంటే దరఖాస్తుతోపాటు ఒక ఫోనుని తిప్పి తీసుకురావడం కూడా పద్ధతి అయిపోయింది. ప్రభంజన్ కుమార్ గారు దానికి "ప్రజాభాగస్వామ్య పరుగు" అని పేరు పెట్టి పైకి రాశారు. పైనుంచి మెచ్చుకుంటూ జవాబు కూడా వచ్చింది. మరి నేనెందుకు ఫోను ఇవ్వలేదంటారా? రైతుల్ని హోదాల వారీగా పైనుంచి పంచుకుంటూ వచ్చారు. నా దాకా వచ్చేసరికి రైతులు మిగల్లేదు. నా సొంత కాళ్లతో నేనే పరిగెత్తాను.

రెండు నెలలు బాగానే సాగింది. మూడో నెలలో మార్కెట్ యార్డు మలుపు దగ్గర నా ఎడమ మోకాల్లోంచి ఎండుకొబ్బరి విరిగిన చప్పుడు వచ్చింది. నేను అక్కడే కూలబడ్డాను. నా వెనక వస్తున్న జూనియర్ అసిస్టెంటు తవిటినాయుడు ముందు నా ఫోను ఆపి, తరవాత నన్ను లేపాడు. మంచివాడే పాపం. నా కిలోమీటర్లలో ఆటోలో వెళ్లిన దూరం కలిసిపోయి, రేపు ఎవరైనా అడిగితే నాకు మాటొస్తుందని అతని భయం.

డాక్టరు ఎక్స్‌రే తీయించి, మోకాలు అటూ ఇటూ తిప్పి, నేను అరిచిన చోట మళ్లీ నొక్కాడు.

"ఆరు వారాలు పరుగు మాట తలపెట్టకండి."

"తలపెట్టేది నేను కాదండీ, మా డైరెక్టరు గారు."

ఆయన నవ్వాడు. ప్రైవేటు ప్రాక్టీసు కదా, నవ్వొస్తుంది. మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి, నెమ్మదిగా నొక్కుతూ వదులుతూ రోజూ చేయాల్సిన వ్యాయామం నేర్పి పంపాడు. ఇంటికి ఈ సంగతి చెప్పలేదు. చెబితే సుభాషిణి రాత్రికి రాత్రి బండెక్కి వచ్చేస్తుంది. లహరికి ఏం చెప్పను? సీటు పట్టుకుని పరిగెత్తాల్సిన కాలే పోయిందని ఎలా చెప్పను?

నెలాఖరు వచ్చింది. నివేదికలో నా పేరుకి ఎదురుగా సాధన గడిలో పరిగెత్తినంతే వేయబోతే కంప్యూటరు ఒప్పుకోలేదు. కిందటి నెల కంటే తక్కువ వేస్తే గడి ఎర్రబడిపోతుంది.

"ఏటండీ గంగాధరం గారూ, మీ మూలంగా జిల్లా మొత్తం ఎర్రగయిపోతన్నాది" అన్నారు పైడిరాజు గారు.

"కాలు విరిగితే నేనేం చేయనండీ?"

"విరిగీడం మీ ఇష్టమండీ. గడి ఎర్రగవడానికి ఈల్లేదు."

వీడియో సమీక్షలో డైరెక్టరు గారు మా జిల్లా దగ్గర ఆగారు. తెర మీద ఆయన ముఖం నిగనిగలాడుతోంది.

"గాయమనేది ఏమిటి?" అని అడిగి, ఎవరూ జవాబు చెప్పరని తెలుసు గనక తనే అందుకున్నారు. "లక్ష్యసాధన పట్ల శరీరం వ్యక్తంచేసే నిరసనే గాయం. శాఖాపరంగా మనం నిరసనలను ప్రోత్సహించజాలము."

ప్రభంజన్ కుమార్ గారు కుర్చీలోంచి సగం లేచారు. "సార్, మీ అమూల్య మార్గదర్శకత్వానికి ధన్యవాదాలు సార్. అయితే సదరు గాయాన్ని నివేదికలో ఏ పద్దు కింద చూపాలో తమరు స్పష్టత దయచేయించవలసిందిగా ప్రార్థన."

ఆ స్పష్టతే కొంప ముంచింది.

ఇక్కడ మా శాఖ అలవాటు ఒకటి చెప్పాలి. మా నివేదికల్లో ఏ పద్దు పెట్టినా దాని కింద మూడు గడులు గీస్తారు. లక్ష్యం, సాధన, శాతం. తెల్లదొరల నాటి నుంచీ ఇదే. వానకి కూడా ఈ మూడు గడులే. ఓ ఏడాది మా పక్క మండలంలో వాన లక్ష్యం కంటే తక్కువ పడిందని అక్కడి కొలత సిబ్బందిని సంజాయిషీ అడిగారు. వాళ్లు వచ్చే నెల కష్టపడతామని రాసిచ్చారు. అలాంటి శాఖలో కొత్త పద్దు గీయమంటే గీసేవాడికి మాత్రం చేయి వేరేలా తిరుగుతుందా? పదిరోజుల్లో కొత్త నమూనా వచ్చింది. "గాయములు" అని పద్దు, కింద మూడు గడులు.

దాన్ని చూసి శాఖ మొత్తంలో ఒక్కరూ నోరెత్తలేదు. గడి ఉందంటే నింపాలి.

మేం నింపాం. లక్ష్యం గడి ఖాళీ. సాధన ఒకటి, అంటే నా మోకాలు. శాతం లెక్క కట్టలేక కంప్యూటరు చేతులెత్తేస్తే హెడ్డాఫీసు వాళ్లు జాలిపడి నూరు వేసుకున్నారు. మిగతా జిల్లాలన్నీ సున్నా. వారం తిరక్కుండా మాకు అభినందన మెమో వచ్చింది. గాయముల విభాగంలో రాష్ట్రంలో మా జిల్లాది ప్రథమ స్థానమట. మిగతా జిల్లాలకి వేరే మెమో వెళ్లింది. "గాయముల విషయమై మీ జిల్లా కనబరచిన అలసత్వము తీవ్రముగా పరిగణించబడినది. కారణములు మూడు దినములలో తెలుపవలెను."

ప్రభంజన్ కుమార్ గారు నన్ను తన గదిలోకి పిలిచి, తన కుర్చీ పక్కన కుర్చీ వేయించి, నా కాలు పెట్టుకోవడానికి ఇంకో కుర్చీ వేయించారు. ఆరేళ్లలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు.

"మిస్టర్ గంగాధరం, యూ ఆర్ ఆన్ ఎసెట్ టు ది డిస్ట్రిక్ట్. గాయానికీ పాయింట్లు వేస్తున్నారు. ఈ పెర్ఫార్మెన్స్ మెయింటెయిన్ అయితే కౌన్సెలింగులో మీకు తిరుగుండదు. తెనాలి కదా మీది?"

తెనాలి అనే మాట ఆయన నోట్లోంచి వినేసరికి కుర్చీ మీదున్న కాలిని ఇంకాస్త చాపాను.

పక్క జిల్లాల వాళ్లు ఊరుకుంటారా? ఒక జిల్లాలో ముగ్గురు చీలమండలు మడతపెట్టారు. ఇంకో జిల్లా అధికారి సిబ్బందిని తడి మెట్ల మీద పరిగెత్తించారు. దాన్ని సాధికారత శిక్షణ అన్నారు. మాకూ చిక్కు వచ్చింది. పదిశాతం పెంపు పద్ధతి ప్రకారం మా వచ్చే నెల లక్ష్యం ఒకటీ, పదోవంతు గాయం. ఒకటి ఉంది. పదోవంతు ఎక్కడ తేవాలి? రెండు రోజులు మీటింగు జరిగింది. చివరికి పైడిరాజు గారు బల్లకి తగిలించుకున్న కాలి బొటనవేలు గోరు బయటపడింది. అది ఎంతవంతని మళ్లీ గొడవ.

"గోరంటే అయిదోవంతు పడదేటండీ?" అన్నారు ఆయన. నొప్పి ఆయనది కదా.

"ఈ నెల పదోవంతే చూపుదాం. మిగతాది వచ్చే నెలకి దాచుకుందాం" అన్నారు ప్రభంజన్ కుమార్ గారు. పరిపాలనంటే అదీ.

ఇంతలో ఒక ఉపద్రవం వచ్చింది. నా మోకాలు నయం కావడం మొదలుపెట్టింది.

నేను ఎవరికీ చెప్పకుండా రోజూ గదిలో తలుపేసుకుని తువ్వాలు వ్యాయామం చేస్తున్నాను. వాపు దిగింది. కాలు పూర్తిగా ముడుచుకుంటోంది. ఓ రోజు ఆఫీసు మెట్లు రెయిలింగు పట్టుకోకుండా ఎక్కేశాను. అది తవిటినాయుడు కంట పడింది. వాడికి కడుపులో ఏదీ దాగదు. నెలవారీ మీటింగులో, అందరి ముందూ, సంతోషం పట్టలేక లేచాడు.

"అయ్యా, మన గంగాధరం గారికి నయమైపోనాదండీ! మెట్లు టకటకా ఎక్కీసినారు!"

 ప్రభంజన్ కుమార్ గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. సాయంత్రానికి నాకు మెమో వచ్చింది. "పై అధికారుల ముందస్తు అనుమతి పొందకుండా మీరు కోలుకొనుచున్నట్లు తెలియవచ్చినది. సదరు చర్య జిల్లా ప్రగతికి భంగకరము. మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను."

నేను ఆయన గదికి వెళ్లాను. ఈసారి కుర్చీ ఒకటే వేశారు.

"సార్, డాక్టరు చెప్పిన వ్యాయామం చేశాను. కాలు నాది సార్."

"కాలు మీదే. ఎవరు కాదన్నారు? గాయం మాత్రం జిల్లాది. నివేదికలోకి ఎక్కిన తరవాత దాన్ని మీ ఇష్టానికి తగ్గించుకుంటానంటే ఎలా?" ఆయన గొంతు తగ్గించారు. "చూడండి గంగాధరం, కౌన్సెలింగు ఎంతో దూరం లేదు. అప్పటిదాకా ఆ మోకాలిని జాగ్రత్తగా నిలబెట్టుకోండి. మీ తెనాలి ఎక్కడికీ పోదు. లేదూ, నయం చేసుకుంటానంటారా? మీ ఇష్టం. అప్పుడు పరుగు పాయింట్లు లేవు, గాయం పాయింట్లూ లేవు."

ఆ రాత్రి నాకు ఒళ్లు మండిపోయింది. మోకాలు బాగైతే సైకిలు వెనక పరిగెత్తగలను, కానీ సైకిలున్న ఊరికి వెళ్లలేను. మోకాలు పాడైతే సైకిలున్న ఊరికి వెళ్తాను, కానీ పరిగెత్తలేను. ఈ శాఖని కనిపెట్టిన మహానుభావుడెవడో గానీ వాడి కాళ్లు విరగ! నేను తెనాలే ఎంచుకున్నాను. ఇంకేం ఎంచుకుంటాను? పరిగెత్తకపోయినా పక్కనుంటే చాలనిపించింది.

వ్యాయామం మానేశాను. "గాయ పరిరక్షణ కమిటీ" అని ఒకటి వేశారు. అధ్యక్షుడు పైడిరాజు గారు, సభ్యుడు తవిటినాయుడు. నేను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి డాబా మీదున్న వానకొలత పాత్ర దాకా ఎక్కి దిగాలని కమిటీ తీర్మానించింది. ఎండాకాలం. పాత్రలో ఓ పిచ్చుక ఈక తప్ప ఏమీ ఉండేది కాదు. నేను ఎక్కి, ఈకని చూసి, వాన లేదని రాసుకుని దిగేవాణ్ని. ఆ పక్షంలోనే మోకాలు మళ్లీ బొప్పాయి కాయంత అయింది. ప్రగతి గీత పైకి లేచింది. నేను మంచం మీంచి లేవడానికే కష్టమైంది.

రాజధానిలో సభ పెట్టి నాకు "క్షతశ్రీ" బిరుదిచ్చారు. కుంటుకుంటూ వేదిక ఎక్కుతుంటే చప్పట్లు మార్మోగాయి. డైరెక్టరు గారు శాలువా కప్పి, మైకు ముందు నా మోకాలి వైపు చేయి చాపి, "ఇది ఒక వ్యక్తి మోకాలు కాదు, ఒక వ్యవస్థ మోకాలు" అన్నారు. ఆయన ఈ ఏడాదంతా చెప్పిన వాటిలో నిజం ఇదొక్కటే.

కౌన్సెలింగులో నాది మొదటి పేరు. తెర మీద ఊళ్లన్నీ వరసగా వచ్చాయి. తెనాలి ఖాళీ ఉంది. నొక్కాను. బయటికొచ్చి ఫోను చేస్తే లహరి ఎత్తింది.

"లహరీ, వచ్చేస్తున్నాను."

ఫోను బల్ల మీద పడేసిన చప్పుడు వచ్చింది. తరవాత "అమ్మా, తువ్వాళ్లు తియ్యి!" అని అరుపు వినపడింది. నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చేశాను. సిగ్గేముంది?

ఇక బయల్దేరడమే తరువాయి అనుకున్నాను. ప్రభంజన్ కుమార్ గారు రిలీవ్ చేయలేదు.

"మీరు వెళ్లొచ్చు గంగాధరం. మోకాలి సంగతేమిటి?"

"అదేంటి సార్? మోకాలు నాతోనే కదా వస్తుంది."

"అక్కడే పొరపాటు పడుతున్నారు. సదరు గాయం ఈ జిల్లాలో సంభవించింది, ఈ జిల్లా ఖాతాలో నమోదైంది. మీరు తీసుకెళ్తే మా సాధన సున్నాకి పడిపోతుంది. తెనాలి వాళ్లు కష్టపడకుండా ఫలితం కొట్టేస్తారు. నేను పైకి స్పష్టత కోసం రాశాను."

పైనుంచి స్పష్టత వచ్చింది. ఉద్యోగిని రిలీవ్ చేయవచ్చును. అయితే బదిలీపై వెళ్లు ప్రతి ఉద్యోగీ తన స్వాధీనమందున్న బీరువా తాళములు, స్టాంపు ప్యాడ్లు వగైరా ఏ విధముగా అప్పగించునో అదే విధముగా గాయమును కూడా తగు ఉద్యోగికి ఛార్జి అప్పగించి, రశీదు పొంది వెళ్లవలెను.

తగు ఉద్యోగి ఎవరు? తవిటినాయుడే. మిగతా గుమస్తాలు ఎవరూ ఆ పూట ఆఫీసుకి రాలేదు.

ఛార్జి అప్పగింత పైడిరాజు గారి సమక్షంలో జరిగింది. ముందు తాళాలు ఇచ్చాను. ప్యాడు ఇచ్చాను. కొలత పాత్ర, అందులోని ఈక ఇచ్చాను. తరవాత మోకాలి వంతు వచ్చింది. తవిటినాయుడు చేతులు కట్టుకుని నా మోకాలి వైపు భయంగా చూశాడు.

"ఎలగుంటాదండీ నొప్పి? నాకు అలవాటు నేదు."

"పొద్దున లేవగానే పట్టేస్తుంది. మెట్లు దిగేటప్పుడు సూదులు. కూర్చుని లేచేటప్పుడు అబ్బా అనాలి."

"గట్టిగా అనాలా, మెల్లిగానా?"

"ఎవరైనా ఉంటే గట్టిగా. ఎవరూ లేకపోతే దానంతటదే వస్తుంది."

అతను రెండడుగులు కుంటి చూశాడు. పైడిరాజు గారు పెదవి విరిచారు. "కుడికాలు కాదురా, ఎడమ. మంజూరైంది ఎడమ మోకాలు." తవిటినాయుడు కాలు మార్చాడు. బాగానే వచ్చింది. "పైన పేర్కొన్న గాయము సంపూర్ణముగా, ఏ లోపమూ లేకుండా స్వాధీనపరచుకొన్నాను" అని సంతకం పెట్టాడు. నేను కుర్చీలోంచి లేచి, కుంటుకుంటూ గుమ్మం వైపు కదిలాను.

"ఏటండీ ఇది?" పైడిరాజు గారు అడ్డుపడ్డారు. "అప్పగించీసినారు కదా. మళ్లీ కుంటుతారేటి? ఎవులైనా చూస్తే ఆఫీసు సొమ్ము పట్టుకుపోతన్నారనుకుంటారు. తిన్నగా నడవండి బాబూ."

కాంపౌండు గేటు దాకా తిన్నగా నడిచాను. నా జీవితంలో అంత దూరం ఎప్పుడూ నడవలేదు. వెనక తవిటినాయుడు ఛార్జి తీసుకున్న కాలితో కుంటుతూ వచ్చి, నా సంచి ఆటోలో పెట్టాడు. అతని కళ్లల్లో నీళ్లు. నాకూ అంతే, కాకపోతే నావి నొప్పికి.

తెనాలి స్టేషనులో సుభాషిణి, లహరి నిలబడి ఉన్నారు. బండి దిగడానికే నాకు ఇద్దరు మనుషులు సాయం పట్టారు. సుభాషిణి నవ్వు అక్కడే ఆగిపోయింది.

"ఏంటండీ ఆ నడక? కాలికేమైంది?"

"నా కాలికా? ఏమీ లేదే. రికార్డు చూసుకో."

"రికార్డేంటి నా మొహం! కాలు చూపించండి." ప్లాట్‌ఫారం మీదే వంగి ప్యాంటు పైకి లాగి చూసింది. తరవాత మా శాఖ గురించి ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను. లెక్కల టీచరు నోట అలాంటివి వస్తాయని నేను ఎప్పుడూ అనుకోలేదు.

 ఇంటికి వచ్చేదాకా లహరి నా సంచి పట్టీ పట్టుకుని నడిచింది. వరండాలో సైకిలు తుడిచి, టైర్లకి గాలి కొట్టించి, సిద్ధంగా ఉంచారు.  అరుగు మీద కూలబడ్డాను.

"నన్ను తిట్టు తల్లీ. నేను పరిగెత్తలేను" అన్నాను. "అక్కడ పరిగెత్తీ పరిగెత్తీ అంతా అయిపోయింది."

అది నా మోకాలి వంక చూసింది, సైకిలు వంక చూసింది. సైకిలు వీధిలోకి దింపింది. వచ్చి నా చేయి పట్టుకుని లాగింది.

"నువ్వు పరిగెత్తొద్దులే. వెనకాల క్యారియర్ మీద కూర్చో. రెండు కాళ్లూ కింద పెట్టుకో. నేను పడబోతే కాళ్లు నొక్కు. అంతే."

పిల్లల సైకిలు కదా, క్యారియర్ మీద కూర్చుంటే నా రెండు పాదాలూ నేలకి చక్కగా ఆనాయి. బరువంతా సైకిలు మీదే, మోకాలి మీద లేదు. లహరి తొక్కింది. నేను అటొక అడుగు, ఇటొక అడుగు వేస్తూ పడకుండా పట్టాను. సుభాషిణి "పడతారర్రా, పడతారు" అంటూ పక్కనే నడిచింది. వీధి చివర కిళ్లీకొట్టు దాకా వెళ్లాం. లహరి జడ నా ముఖానికి కొడుతోంది. "నాన్నా, పట్టుకున్నావా?" అని అడుగుతోంది. పట్టుకున్నానమ్మా, పట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. తవిటినాయుడు.

"గంగాధరం గారూ, కొంప మునిగిపోనాదండీ! రేపు డైరెక్టరు గారు తనిఖీకొస్తన్నారు. మీరిచ్చిన మోకాలు నొప్పెట్టడం నేదండీ. ఎంత కుంటినా రావడం నేదు. లోపం ఉన్న మోకాలు అంటగట్టినారని పైడిరాజు గారు కేకలేస్తన్నారు. ప్రభంజన్ కుమార్ గారేమో డిప్యుటేషన్ ఆర్డరు రాయిస్తన్నారు. మోకాలొక్కటి రెండ్రోజులు పంపితే చాలట. మిగతా మనిషి రానక్కర్లేదట!"

"కుదరదు నాయుడూ."

"అలగంటే ఎలగండి బాబూ! ఏటని చెప్పమంటారు?"

లహరి మలుపు తిప్పింది. సైకిలు ఒరిగింది. నేను ఎడమ పాదం నేలకి నొక్కాను. మోకాలు భగ్గుమంది. సైకిలు మాత్రం పడలేదు.

"మోకాలు డ్యూటీలో ఉందని చెప్పు" అని ఫోను పెట్టేశాను.